పబ్‌మెడ్‌లో లేకపోతే అసలు లేనట్టేనా?

పోయిన వేసవిలో కమ్యూనిటీ మెడిసిన్ పీజీ కుర్రాడొకడు మా కాలేజీ లైబ్రరీకి వచ్చి, "సార్, మా వైపు బోదకాలు మీద పెద్దగా ఎవరూ ఏమీ రాయలేదండీ, టాపిక్ మార్చేసుకోమంటారా?" అన్నాడు. అతనిది అమలాపురం దగ్గర పల్లె. ఎక్కడ వెతికావని అడిగాను. "పబ్‌మెడ్‌లోనండీ. మెష్ పదం పెట్టే వెతికాను. ఫ్రీ ఫుల్ టెక్స్ట్ టిక్ చేశాను. కోనసీమ అని కొట్టాను. లెక్కపెట్టడానికి వేళ్ళు మిగిలిపోయాయండీ."

పబ్‌మెడ్ అంటే వైద్య పరిశోధన పేపర్లను ఇంటర్నెట్‌లో వెతికే చోటు. మెష్ పదం అంటే, పేపర్ దేని గురించో చెప్పడానికి దానికి తగిలించే నిర్ణీతమైన పదం. ఆ జవాబులో ప్రతి మాటకీ ఒక పొరపాటు ఉంది. తప్పు అతనిది కాదు, మాది. పీజీలో చేరినప్పుడు ఓ గంట క్లాసు చెప్పి వదిలేస్తాం. గోదావరి జిల్లాల్లో బోదకాలు నిన్నామొన్నటి జబ్బా? రాత్రిపూట ఇంటింటికీ వచ్చి, వేలు గుచ్చి, గాజుపలక మీద రక్తపు చుక్క తీసుకెళ్ళే ఫైలేరియా సిబ్బంది ఇక్కడి పెద్దవాళ్ళకు బాగా గుర్తు. ఆ పురుగు పిల్లలు రక్తంలో తిరిగేది రాత్రిళ్ళు కాబట్టి ఆ వేళకే వచ్చేవాళ్ళు. అంత చరిత్ర ఉన్న జబ్బు మీద పేపర్లు ఉండకుండా ఎలా ఉంటాయి? ఉన్నాయి. కొన్ని మనం వెతికే చోటికి చేరలేదు, కొన్ని చేరినా మనం వేసిన వలకు చిక్కలేదు.

ముందు పబ్‌మెడ్ సంగతి చూద్దాం. ఇది అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ వాళ్ళది. 1996లో మొదలైంది, 1997 నుంచి అందరికీ ఉచితం. ఇప్పుడు అందులో 3 కోట్ల 70 లక్షలకు పైగా రికార్డులున్నాయి. పబ్‌మెడ్, మెడ్‌లైన్, పీఎంసీ (పబ్‌మెడ్ సెంట్రల్) మూడూ ఒకటే అని మా ప్రొఫెసర్లలో కూడా కొందరు అనుకుంటారు. మెడ్‌లైన్‌లో ఉన్నవి ఏరి తీసుకున్న 5,200 పైచిలుకు జర్నళ్ళు. నిపుణుల కమిటీ చూసి సరే అంటేనే ఒక జర్నల్ అందులోకి వెళుతుంది. పీఎంసీ 2000లో వచ్చింది. అది పేపర్‌ను మొదటి నుంచి చివరిదాకా దాచిపెట్టే గిడ్డంగి. ఈ రెండింటిలోనివీ, మరికొన్నీ కలిపి చూపించే గుమ్మం పబ్‌మెడ్.

ఈ తేడా తెలియకపోతే ఏమవుతుందో మా కుర్రాడే ఉదాహరణ. మెష్ పదాలు తగిలించేది మెడ్‌లైన్‌లోకి వెళ్ళిన పేపర్లకే. 2022 నుంచి ఆ పని కంప్యూటరే చేస్తోంది కాబట్టి ఆలస్యం తగ్గింది, కానీ నియమం మారలేదు. ఓపెన్ యాక్సెస్ జర్నళ్ళలో, అంటే ఎవరైనా ఉచితంగా చదివి లైసెన్సు ప్రకారం వాడుకోగల జర్నళ్ళలో, చాలావాటికి మెడ్‌లైన్‌లో చోటు లేదు. అవి పీఎంసీ దారిన పబ్‌మెడ్‌లోకి వస్తాయి, మెష్ పదాలు లేకుండానే. అంటే మెష్‌ను మాత్రమే నమ్ముకుని వెతికితే, డబ్బు కట్టకుండా చదవగలిగిన పేపర్లే ముందు జారిపోతాయి. కాలువలో నీళ్ళు పుష్కలంగా ఉన్నా శివారు చేలు ఎండినట్టు. మన దేశపు చిన్న జర్నళ్ళవి ఈ లెక్కలో శివారు భూములే. మెష్ పదం వద్దనడం లేదు. దాని పక్కనే ఫైలేరియాసిస్, ఎలిఫెంటియాసిస్, మైక్రోఫైలేరియా, బాంక్రాఫ్టియన్ లాంటి మామూలు మాటలను కూడా 'లేదా' అని కలిపి వెతకాలి.

ఫ్రీ ఫుల్ టెక్స్ట్ టిక్ ఇంకో చిక్కు. అది పెడితే, ఉచితమని పబ్‌మెడ్‌కు తెలిసినవే మిగులుతాయి. పబ్లిషర్ ఆ లింకు పంపకపోతే పేపర్ ఓపెన్ యాక్సెస్ అయినా గల్లంతే. ముందు అన్నీ తెప్పించుకుని, తర్వాత ఏది తెరుచుకుంటుందో చూసుకోవడం నయం.

ఇక ఊళ్ళ పేర్లు. కోనసీమ అనేది జిల్లాగా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. అంతకు ముందు రాసినవాళ్ళు ఈస్ట్ గోదావరి అనే రాస్తారు కదా! రాజమండ్రికి కొత్త పేరుంది, పాత ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఉంది. బ్రిటిష్ కాలపు కాగితాల్లో కాకినాడ 'కోకనాడ' అయి కూర్చుంటుంది. పోనీ కాకినాడ అనే కొడదామంటే కాకినాడలో ఉద్యోగం చేసే డాక్టర్లు రాసినవన్నీ కట్టలు తెంచుకుని వస్తాయి, జబ్బు ఏదైనా సరే, ఎందుకంటే పబ్‌మెడ్ రచయితల చిరునామాలను కూడా వెతుకుతుంది. విచిత్రం ఏమిటంటే, చిరునామా వెతికే పబ్‌మెడ్ పేపర్ లోపలి పేజీలను మాత్రం వెతకదు. టైటిల్, అబ్‌స్ట్రాక్ట్ (పేపర్ సారాంశం), కీవర్డ్స్ లాంటివి చూసి ఆగిపోతుంది.

నేను యూరప్ పీఎంసీ వైపు మొగ్గేది సరిగ్గా ఇక్కడే. 2007లో బ్రిటన్ పీఎంసీగా మొదలై 2012లో ఈ పేరు పెట్టుకుంది. పబ్‌మెడ్‌లోని అబ్‌స్ట్రాక్టులు, పీఎంసీలోని పూర్తి పేపర్లు, వీటికి తోడు ఇంకా ఏ జర్నల్‌లోనూ రాని ప్రీప్రింట్లు అన్నీ ఒకే పెట్టెలో ఉంటాయి. పైగా పేపర్ లోపల కూడా వెతుకుతుంది. మన డెల్టా మీద పని చేసేవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. అధ్యయనం రాజోలులో జరిగినా, మలికిపురంలో జరిగినా, ఆ ఊరి పేరు అబ్‌స్ట్రాక్ట్‌లో ఉండదు. 'తీరప్రాంత ఆంధ్ర' అనో 'దక్షిణ భారతంలో ఒక పల్లె' అనో రాసి ఊరుకుంటారు. అసలు పేరు స్టడీ ఏరియా అన్న చోట, మూడో పేజీలో, ఒక్కసారి కనిపిస్తుంది. దాన్ని పట్టుకోవాలంటే లోపల వెతికే డేటాబేస్ కావాలి. పీఎంసీ సొంత సైటు కూడా ఈ పని చేస్తుంది, కానీ పబ్‌మెడ్ రికార్డులు కూడా అక్కడే కావాలంటే యూరప్ పీఎంసీయే సుళువు. ఇబ్బంది లేకపోలేదు. ఎక్కడో రిఫరెన్సుల్లో గోదావరి అని ఉన్నా చాలు, ఆ పేపర్ కూడా వచ్చి పడుతుంది. చెత్త ఏరుకునే ఓపిక ఉండాలి.

ఒక మాట. పీఎంసీలో దొరికిందల్లా ఓపెన్ యాక్సెస్ కాదు. చదవడానికి ఉచితం వేరు, బొమ్మలు తీసుకుని మన థీసిస్‌లో అచ్చేసుకునే అనుమతి వేరు. లైసెన్సు లైను చూడకుండా ఫొటో ఎత్తేయకండి.

ఇప్పుడు డీఓఏజే, అంటే డైరెక్టరీ ఆఫ్ ఓపెన్ యాక్సెస్ జర్నల్స్. పేరులోనే ఓపెన్ యాక్సెస్ ఉంది కదా, మా కుర్రాడి లాంటివాళ్ళకు ఇదే సరైన చోటు అనిపిస్తుంది. వెతకడానికైతే కాదనే నా అభిప్రాయం. 2003లో స్వీడన్‌లోని లుండ్ యూనివర్సిటీలో 300 జర్నళ్ళతో పుట్టి, ఇప్పుడు 20,000 దాటింది. అన్ని సబ్జెక్టులూ ఉంటాయి, వైద్యం అందులో ఒక భాగం. ఇది ప్రధానంగా జర్నళ్ళ జాబితా. పేపర్ల వివరాలు పబ్లిషర్ ఎక్కిస్తేనే కనిపిస్తాయి, ఎక్కించకపోతే జర్నల్ ఉంటుంది, పేపర్ ఉండదు. చందా జర్నల్‌లో ఎవరో ఫీజు కట్టి ఓపెన్‌గా పెట్టిన పేపర్ ఇందులోకి అసలే రాదు, ఎందుకంటే పూర్తిగా ఓపెన్ యాక్సెస్ అయిన జర్నల్‌కే ఇక్కడ ప్రవేశం.

అయితే జర్నల్ మంచిదా కాదా అని చూసుకోవడానికి డీఓఏజేకు సాటి వచ్చేది తక్కువ. 2014లో నిబంధనలు బిగించి, ఉన్న జర్నళ్ళన్నిటినీ మళ్ళీ దరఖాస్తు పెట్టుకోమన్నారు. 2016లో దాదాపు 3,300 జర్నళ్ళను ఒకేసారి తీసేశారు. మెడికల్ కాలేజీ ఫ్యాకల్టీకి పెట్టిన అర్హతల్లో మెడ్‌లైన్, పీఎంసీ, స్కోపస్, ఎంబేస్‌ల సరసన డీఓఏజే పేరు కూడా చేరింది. అప్పటినుంచి ప్రమోషన్ల సీజన్ వస్తే "ఈ జర్నల్ డీఓఏజేలో ఉందా?" అని నాకు ఫోన్లే ఫోన్లు.

తెలిసిన అసిస్టెంట్ ప్రొఫెసర్ ఒకాయన ఫోన్ చేయకుండానే పేపర్ అచ్చు కోసం ఒక జర్నల్‌కు పాతిక వేలు కట్టేశాడు. ఆ జర్నల్ సైటులో పెద్ద అక్షరాలతో 'పబ్‌మెడ్ ఇండెక్స్‌డ్' అని ఉంది. ఆయన పబ్‌మెడ్‌లో కొట్టి చూసుకున్నాడు కూడా, నాలుగైదు పేపర్లు కనిపించాయి. దీని వెనక కిటుకు ఇది: అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్ఐహెచ్ డబ్బుతో జరిగిన పరిశోధన ఏ జర్నల్‌లో అచ్చయినా ఆ పేపర్‌ను పీఎంసీలో పెట్టాలి. పెట్టాక అది పబ్‌మెడ్‌లో కనిపిస్తుంది. అంటే కనిపించింది ఆ నాలుగైదు పేపర్లే తప్ప జర్నల్ కాదు. టెన్షన్ పడుతూ వచ్చిన ఆయనకు నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ వాళ్ళ ఎన్ఎల్ఎం కేటలాగ్ తెరిచి చూపించాను. ప్రస్తుతం మెడ్‌లైన్‌లో ఇండెక్స్ అవుతోందా లేదా అన్నది జర్నల్ పేరు పక్కన అక్కడ సూటిగా రాసి ఉంటుంది. లేదని ఉంది. పాతిక వేలు పోయాయి. రెండు నిమిషాల పని ముందే చేసుంటే!

డబ్బు కట్టి వాడే డేటాబేసుల గురించి ఎక్కువ చెప్పను. 2004లో వచ్చిన స్కోపస్, మందుల సమాచారానికి పెట్టింది పేరైన ఎంబేస్, రెండూ ఎల్సెవియర్ వాళ్ళవే. రెండిట్లోనూ మెడ్‌లైన్‌లో లేని జర్నళ్ళు వేలల్లో ఉంటాయి, మనవాళ్ళవి కూడా. వెబ్ ఆఫ్ సైన్స్ మూలం 1964లో యూజీన్ గార్ఫీల్డ్ వెలువరించిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్. ఎవరు ఎవరిని ఉదహరించారో పట్టుకోవడానికి దానికి దాన్నే చెప్పుకోవాలి. 2015లో ఎమర్జింగ్ సోర్సెస్ అనే జాబితా కలిపాక చిన్న ఓపెన్ యాక్సెస్ జర్నళ్ళకూ కాస్త చోటు దొరికింది. చందా లేని కాలేజీకి ఇవన్నీ అద్దాల బీరువాలో పూతరేకులు. స్కోపస్‌లో జర్నల్ ఉందో లేదో చూసుకునే జాబితా మాత్రం ఉచితం, అది వాడుకోండి.

2025 జనవరి 1 నుంచి, జర్నళ్ళకు కేంద్రమే చందా కట్టే పథకం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' అమల్లోకి వచ్చింది. మూడేళ్ళకు 6,000 కోట్లు, 30 మంది పబ్లిషర్లు, దాదాపు 13,000 జర్నళ్ళు. కానీ అది ప్రభుత్వ సంస్థలకు. కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీలో చదివే పీజీకి తెరుచుకునే పేపర్, ప్రైవేటు కాలేజీ పీజీకి తెరుచుకోదు. ఇద్దరూ చూసేది ఇవే ఊళ్ళ పేషెంట్లను. అందుకే ఏది మేలు అంటే నా జవాబు అడిగినవాళ్ళ కాలేజీని బట్టి కొంచెం మారుతుంది. ప్రైవేటు కాలేజీవాళ్ళకైతే యూరప్ పీఎంసీతోనే మొదలుపెట్టమంటాను, పబ్‌మెడ్ ఆ తర్వాతే చూడమంటాను. ప్రభుత్వ కాలేజీవాళ్ళు పబ్‌మెడ్‌తో మొదలుపెట్టినా పెద్ద నష్టం లేదు.

గూగుల్ స్కాలర్ గురించి అడుగుతారని తెలుసు. 2004 నుంచి ఉంది, అందరికీ అలవాటు. ఓపెన్ యాక్సెస్ పేపర్లను పట్టడంలో దాని చెయ్యి పొడుగే. యూనివర్సిటీ సైట్లలో మూలన పడున్న థీసిస్‌లు కూడా తెస్తుంది. కానీ ఏ జర్నళ్ళను చూస్తుందో జాబితా ఇవ్వదు, మెష్ లాంటి ఏర్పాటు లేదు, ఎన్ని లక్షలు దొరికాయని చెప్పినా మనకు చూపించేది 1,000 దాకానే. మంచి జర్నల్, దొంగ జర్నల్ ఒకే బంతిలో కూర్చుంటాయి. అందుకే దాన్ని చివర్లో, మిగిలిపోయినవి ఏరుకోవడానికి వాడమంటాను. 'గూగుల్ స్కాలర్ ఇండెక్స్‌డ్' అని గొప్పగా వేసుకున్న జర్నల్ కనిపిస్తే ఆ పేజీ అక్కడే మూసేయండి. 2022లో వచ్చిన ఓపెన్ అలెక్స్ అనే పేపర్ల డేటాబేస్ కూడా ఉచితమే. లెక్కలు కట్టేవాళ్ళకు బాగుంటుంది, పేషెంట్లు, థీసిస్ మధ్య నలిగే పీజీకి ఇప్పట్లో అక్కర్లేదు.

మా కుర్రాడు టాపిక్ మార్చుకోలేదు. ఆ మధ్యాహ్నమే ఇద్దరం కూర్చుని జబ్బు పేర్లు ఒక వరసలో, ఊళ్ళ పాత పేర్లూ కొత్త పేర్లూ ఇంకో వరసలో రాసుకుని యూరప్ పీఎంసీలో కొట్టాం. సాయంత్రం లైట్లు వేసే వేళకు ఎక్సెల్ షీటు మూడు స్క్రీన్ల దాకా దిగింది. రెండు నెలల తర్వాత మళ్ళీ వచ్చాడు. అదే మాటలతో వెతికితే ఈసారి అంకె వేరేగా వస్తోందని, గైడ్ అడిగితే ఏం చెప్పాలని. మొదటిసారి వెతికిన తేదీ రాసుకున్నావా అన్నాను. "లేదండీ" అన్నాడు. షీటు తెరిపించి, మొదటి వరసలో డేటాబేస్ పేరు, వాడిన మాటలు, తేదీ అని మూడు గడులు గీయించాను.