కేలరీ బడ్జెట్ యాప్ మూడేళ్లు వాడాక: "మిగిలినవి 212" అంటే ఏమిటి?

రాత్రి తొమ్మిది దాటింది. యాప్ తెరిస్తే పైన ఆకుపచ్చ రంగులో "మిగిలినవి 212" అని ఉంది, అంటే ఆ రోజు బడ్జెట్‌లో ఇంకా 212 కేలరీలు తినొచ్చని. ఆకలేమీ లేదు. అయినా ఆ 212 వాడుకోకపోతే ఏదో పోగొట్టుకున్నట్టు అనిపించి రెండు అరటిపండ్లు తిన్నాను. మర్నాడు అదే సమయానికి ఎర్రగా "−85" కనిపించింది. ఆ రోజు నిజంగానే ఆకలేసింది, కానీ ఏమీ తినకుండా పడుకున్నాను. చాలాసేపు నిద్ర పట్టలేదు. మొదటి మూడు నెలలూ దాదాపు ఇలాగే గడిచాయి.

ఇప్పటికి మూడేళ్లు దాటింది. ఇంకా వాడుతూనే ఉన్నాను. నా బరువు 72 కిలోల నుంచి 64కి వచ్చింది, అక్కడే నిలబడింది కూడా. కానీ ఆ 212 ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమయ్యాకే యాప్ నాకు పనికొచ్చింది. ఈ మధ్యకాలంలో రెండు యాప్‌లు, ఒక స్మార్ట్ వాచ్ వాడాను. పేర్లు రాయడం లేదు. బడ్జెట్ లెక్కగట్టే పద్ధతి రెండింట్లోనూ దాదాపు ఒకటే, నేను చెప్పాలనుకుంటున్నదీ ఆ పద్ధతి గురించే.

మొదటిరోజు యాప్ వయసు, ఎత్తు, బరువు, ఆడా మగా, రోజంతా ఎంత కదులుతాం, వారానికి ఎంత తగ్గాలి అని అడుగుతుంది. నిమిషంలో ఒక అంకె చెప్పేస్తుంది. అదేదో పెద్ద టెక్నాలజీ అనుకున్నాను. కాగితం మీద ఎవరైనా వేసుకోగలిగిన లెక్క అది. చాలా యాప్‌లు 1990లో వచ్చిన మిఫ్లిన్-సెయింట్ జియోర్ సూత్రాన్ని వాడతాయి. బరువు కిలోల్లో 10 రెట్లు, ఎత్తు సెంటీమీటర్లలో 6.25 రెట్లు కలపాలి. అందులోంచి వయసుకి 5 రెట్లు తీసేయాలి. తర్వాత మగవాళ్లకైతే 5 కలపాలి, ఆడవాళ్లకైతే 161 తీసేయాలి. ఏ పనీ చేయకుండా పడుకుని ఉన్నా రోజుకి ఒంటికి ఖర్చయ్యే శక్తి అది. (యాప్‌లో కేలరీ అని కనిపించేది నిజానికి కిలోకేలరీ.)

అప్పుడు నాకు 41 ఏళ్లు, 160 సెంటీమీటర్లు, 72 కిలోలు. 720 + 1,000 − 205 − 161 అంటే 1,354. కూర్చుని చేసే ఉద్యోగం అని నొక్కాను కాబట్టి యాప్ దాన్ని 1.2తో గుణించింది, 1,625 అయింది. వారానికి అరకిలో తగ్గాలని అడిగాను. కిలో కొవ్వుకి సుమారు 7,700 కేలరీలు అనే లెక్కన అరకిలోకి 3,850, అంటే రోజుకి 550. ఆ 550 తీసేస్తే 1,075 రావాలి. యాప్ మాత్రం 1,200 చూపించింది.

ఈ తేడా బయటపడింది మా చెల్లెలి వల్ల. తనకి 29 ఏళ్లు, నాకంటే ఏడు సెంటీమీటర్లు పొడుగు, ఆరు కిలోలు తక్కువ. తను కూడా అదే యాప్ పెట్టుకుని, "అక్కా, నీకూ పన్నెండొందలే, నాకూ పన్నెండొందలే వచ్చింది. ఇద్దరికీ ఒకటే ఎలా అవుతుంది?" అని అడిగింది. ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. తనకి 1,127 వచ్చింది, నాకు 1,075. 1,200 అనేది మా ఇద్దరిలో ఎవరి అంకె కూడా కాదు. ఆడవాళ్లకి అంతకంటే తక్కువ చూపించకూడదని యాప్ పెట్టుకున్న కనీస హద్దు. మగవాళ్లకి ఆ హద్దు మామూలుగా 1,500 ఉంటుంది. నెలల తరబడి నా కోసమే లెక్కగట్టిన అంకె అనుకుని దాన్ని పట్టుకుని వేలాడాను. మీ బడ్జెట్ కూడా సరిగ్గా 1,200 గానీ 1,500 గానీ వచ్చి ఉంటే, మీరు అడిగిన వేగం మీ ఒంటికి ఎక్కువని అర్థం. ఆ మాట యాప్ తెర మీదే చెప్పాలి. నేను వాడింది చెప్పలేదు. వారానికి పావుకిలో అని మార్చగానే 1,350 వచ్చింది. ఆ 150 తేడాతోనే సాయంత్రం తలనొప్పి తగ్గింది.

ఇంకొకటి. "కూర్చుని చేసే పని" బదులు "కొద్దిగా కదలిక" అని నొక్కితే గుణకం 1.2 నుంచి 1.375 అవుతుంది. నా విషయంలో అది 237 కేలరీల తేడా. ఒక పూట భోజనంలో సగం! రోజూ తిన్నది గ్రాముల్లో తూచి రాసుకునే మనం, ఈ ప్రశ్నకి మాత్రం రెండు క్షణాలు కూడా ఆలోచించకుండా జవాబు నొక్కేస్తాం.

ఇక నన్ను బాగా తప్పుదారి పట్టించింది వ్యాయామం కేలరీలు.

రోజూ పొద్దున గంటసేపు నడుస్తాను. వాచ్ 340 కేలరీలు అని చూపించేది. యాప్ ఆ 340ని బడ్జెట్‌కి కలిపేసేది. సంపాదించుకున్నాను కదా అని తినేసేదాన్ని. మామూలు వేగంతో నడిస్తే, ఊరికే కూర్చున్నప్పటి కంటే సుమారు మూడున్నర రెట్లు శక్తి ఖర్చవుతుంది. కూర్చుంటే కిలోకి గంటకి సుమారు ఒక కేలరీ. ఆ లెక్కన 72 కిలోలకి గంట నడక అంటే 252. వాచ్ చెప్పిన 340 ఎక్కడ, 252 ఎక్కడ! పైగా ఆ గంట నేను నడవకుండా కూర్చున్నా 72 ఎలాగూ ఖర్చయ్యేవి, అవి అప్పటికే బడ్జెట్‌లో ఉన్నాయి. అవి తీసేస్తే నడక వల్ల అదనంగా వచ్చింది 180. వాచ్ చెప్పినదాంట్లో దాదాపు సగమే. "కొద్దిగా కదలిక" అని ముందే నొక్కి ఉంటే ఈ 180 కూడా చాలావరకు ఆ గుణకంలోనే కలిసిపోయి ఉంటుంది. మళ్లీ వ్యాయామం కింద వేస్తే ఒకే నడకని రెండుసార్లు లెక్కపెట్టినట్టు.

నా వాచ్ ఒక్కదాన్నీ తప్పుపట్టలేను. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2017లో చేతికి పెట్టుకునే ఏడు పరికరాలను పరీక్షించారు. గుండె వేగాన్ని చాలావరకు బాగానే కొలిచాయి. కేలరీల దగ్గర మాత్రం అన్నిటికంటే మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది, అన్నిటికంటే అధ్వానమైనది 93 శాతం. అప్పటి పరికరాల కంటే ఇప్పటివి మెరుగై ఉండొచ్చు. అయినా వాచ్‌లో కేలరీల అంకె కొలత కాదు, అంచనా.

వాచ్‌ని యాప్‌కి కలిపాక ఇంకో టెన్షన్ మొదలైంది. పొద్దున ఎనిమిదికి చూస్తే బడ్జెట్‌కి "+310" కలిసి ఉండేది. సరే అని టిఫిన్ కాస్త ఎక్కువే తినేదాన్ని. రాత్రికి చూస్తే అది "+95" అయ్యేది. తిన్నది తినేశాక బడ్జెట్ తగ్గిపోతే ఎలా? చాలా రోజులు ఇది యాప్‌లో లోపం అనుకున్నాను. లోపం కాదు, దాని పద్ధతే అంత. అప్పటిదాకా వాచ్ చెప్పిన ఖర్చుకి, మిగతా రోజంతా మామూలుగా అయ్యే ఖర్చుని ఊహించి కలుపుతుంది. మధ్యాహ్నం నుంచి నేను కుర్చీలోంచి లేవకపోతే ఆ ఊహ తప్పుతుంది, కలిపినవి కొద్దికొద్దిగా వెనక్కి పోతాయి. ఇప్పుడు ఆ కలిపే సెట్టింగ్ తీసేశాను. నడక నడకే, బడ్జెట్ బడ్జెట్టే. ఈ మూడేళ్లలో యాప్‌లో నేను చేసిన మార్పుల్లో అన్నిటికంటే మనశ్శాంతినిచ్చింది ఇదే.

తిన్నది రాసుకోవడం దగ్గరికి వద్దాం. ఇక్కడ తప్పు యాప్‌ది కాదు, నా చేతిది. వంటకి నూనె "ఒక పెద్ద చెంచా, 120" అని రాసేదాన్ని. ఒకరోజు నూనె సీసాని తూకం మీద పెట్టాను: 742 గ్రాములు. మామూలుగా ఎప్పుడూ పోసేటంతే పోసి మళ్లీ పెట్టాను: 715. పెద్ద చెంచా నూనె 14 గ్రాములు ఉండాలి, నేను పోసింది 27. అంటే 120 కాదు, 240 దాకా. రోజుకి రెండుసార్లు పోస్తే రాయకుండా పోయినవి 240. పావుకిలో తగ్గడానికి రోజుకి కావలసిన తగ్గింపు 275. దాదాపు మొత్తం ఆ సీసాలోనే పోతోంది! ఆ రోజు తూకం ముందు నిలబడి ఎంత తేలికపడ్డానో చెప్పలేను. నా ఒంట్లో ఏదో జబ్బుంది, అందుకే తగ్గడం లేదని భయపడుతూ ఉన్నాను మరి.

తర్వాత చదివి తెలుసుకున్నాను, ఇది అందరికీ జరిగేదేనని. 1992లో వచ్చిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో, ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదని చెప్పిన కొందరిని పరీక్షించారు. వాళ్లు తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువగా, చేసిన శ్రమని 51 శాతం ఎక్కువగా చెప్పినట్టు తేలింది. వాళ్లెవరూ అబద్ధం చెప్పాలని చెప్పినవాళ్లు కాదు. కంటితో అంచనా వేయడం అంత కష్టం.

యాప్‌లో వెతికితే ఒకే పదార్థానికి పది ఎంట్రీలు వస్తాయి, వాటిలో చాలా వరకు వాడేవాళ్లే ఎక్కించినవి. వండని బియ్యం 100 గ్రాములకి 360 దాకా ఉంటే, వండిన అన్నం 100 గ్రాములకి 130 దాకా ఉంటుంది. ఒకటి తూచి ఇంకొకటి ఎంచుకుంటే ఆ రోజు లెక్క మొత్తం పోయినట్టే. బార్‌కోడ్ స్కాన్ చేస్తే పని త్వరగా అవుతుంది, కానీ ప్యాకెట్ మీద అంకెలు కూడా అచ్చం నిజం కావు. పిండిపదార్థానికీ ప్రొటీన్‌కీ గ్రాముకి 4, కొవ్వుకి 9 అనే సగటు లెక్కతో వేసినవి అవి. బాదం పప్పు సంగతే చూడండి. 28 గ్రాములకి ఆ లెక్కన 170 దాకా రావాలి. 2012లో అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు మనుషుల మీద కొలిస్తే ఒంటికి అందింది 129 మాత్రమే అని తేలింది.

బడ్జెట్ అనే మాట విన్నప్పుడు బ్యాంకు ఖాతా గుర్తొస్తుంది. ఖాతాలో 212 ఉంటే 212 ఉన్నట్టే. ఇక్కడ అలా కాదు. వచ్చే వైపూ అంచనా, పోయే వైపూ అంచనా. రెండు వైపులా వంద కేలరీలు అటూ ఇటూ ఉన్నప్పుడు, రాత్రి తొమ్మిదికి కనిపించే 212కీ −85కీ మధ్య నిజంగా తేడా ఉందో లేదో కూడా చెప్పలేం. ఇది తెలిశాక ఎరుపు రంగు చూస్తే గుండె దడ పోయింది.

మరి అన్నీ అంచనాలే అయితే యాప్ ఎందుకు? ఎందుకంటే ఒకేలాంటి తప్పు రోజూ చేస్తుంటే, దాన్ని సరిచేసే మార్గం ఉంది. వెయింగ్ మెషీన్.

28 రోజులు ఒక్కరోజు కూడా వదలకుండా రాశాను, బాగా ఎక్కువ తిన్న రోజులతో సహా. అంతకుముందు అలాంటి రోజుల్లో యాప్ తెరిచేదాన్నే కాదు, దాంతో సగటు ఎప్పుడూ అబద్ధమే చెప్పేది. పొద్దున లేచి బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసుకున్నాను. రోజువారీ బరువు కిలో, కిలోన్నర అటూ ఇటూ ఊగుతుంది. ఉప్పు ఎక్కువైతే పెరుగుతుంది, నెలసరి ముందు పెరుగుతుంది. తిన్న పిండిపదార్థంలో కొంత గ్లైకోజెన్ రూపంలో ఒంట్లో దాచి ఉంటుంది, దాని ప్రతి గ్రాముతో పాటు సుమారు మూడు గ్రాముల నీరు కూడా ఉంటుంది. అందుకని ఏడు రోజుల సగటునే చూశాను. ఆడవాళ్లకి నాలుగు వారాలు తీసుకోవడం మేలు, నెలసరి వల్ల వచ్చే ఊపు చాలావరకు అందులోనే సర్దుకుంటుంది.

ఆ 28 రోజుల్లో నేను రాసుకున్న సగటు 1,780. బరువు సగటు 72.4 నుంచి 71.9కి వచ్చింది, అరకిలో తగ్గింది. అరకిలోకి 3,850, దాన్ని 28తో భాగిస్తే రోజుకి 137. అంటే నా ఒంటి ఖర్చు రోజుకి దాదాపు 1,920. ఇది ఏ సూత్రమో ఇచ్చింది కాదు, నా తిండి, నా నడక, నా తూకం ఇచ్చిన అంకె. రాసుకోవడంలో ఇంకా చిన్న తప్పులు ఉన్నా ఫర్వాలేదు. అదే తప్పుతో రాస్తున్నంత కాలం అవి ఈ అంకెలోనే కలిసి ఉంటాయి. యాప్ ఇచ్చిన బడ్జెట్ తీసేసి 1,600 అని నేనే వేసుకున్నాను. అన్ని యాప్‌ల్లోనూ ఈ అంకెని చేత్తో మార్చుకోవచ్చు అనుకోకండి. యాప్ ఎంచుకునేటప్పుడు మొదట చూడాల్సింది ఇదే అంటాను. వారం మొత్తాన్ని ఒకేసారి చూపించే సదుపాయం ఉంటే ఇంకా మంచిది. వారానికి 11,200 ఉన్నప్పుడు ఒకరోజు 2,100 తింటే ప్రమాదమేమీ లేదు.

తగ్గడం నెమ్మదించిన సంగతి కూడా చెప్పాలి. కిలో తగ్గితే సూత్రం ప్రకారం బడ్జెట్‌లోంచి 12 కేలరీలు పోతాయి. ఎనిమిది కిలోలకి దాదాపు వంద. ఒళ్లు తేలికయ్యాక అదే నడకకి ఖర్చు కూడా తగ్గుతుంది. మొదట్లో తగ్గిన వేగంతోనే చివరిదాకా తగ్గుతామని యాప్ గీసి చూపించే గీతని నమ్మకండి. 7,700 లెక్క కొన్ని వారాలకి బాగానే పనిచేస్తుంది, ఏడాది పొడుగునా అలాగే సాగదు.

వరుసగా ఎన్ని రోజులు రాశామో చూపించే లెక్క, "ఈ రోజు బడ్జెట్ దాటారు" అనే నోటిఫికేషన్, రెండూ ఆపేశాను. తిండి విషయంలో ఇదివరకు మానసికంగా ఇబ్బంది పడినవాళ్లు ఈ యాప్‌ల జోలికి వెళ్లకపోవడమే మంచిది, మనస్ఫూర్తిగా చెబుతున్నాను. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు, షుగర్‌కి మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా ఏ అంకెనీ పట్టుకోవద్దు. మా చెల్లెలు రెండు నెలలకే మానేసింది. అంకెలు చూస్తుంటే తిండి మీద ఇష్టం పోతోందంది. తను చేసింది సరైనదే.

నేను ఇప్పుడు రోజూ రాయడం లేదు. ఆరు నెలలకి ఒకసారి నాలుగు వారాలు రాసి, అదే లెక్క మళ్లీ వేసుకుంటాను. పోయిన నెల వేస్తే 1,810 వచ్చింది. బడ్జెట్ దగ్గర అదే వేసి ఉంచాను.