గడుల తవ్వకమా, ఓపెన్ ఏరియానా?

పురావస్తు తవ్వకాల్లో, తవ్వే చోటును చదరపు గడులుగా విడదీసి, గడికీ గడికీ మధ్య మట్టిగోడ వదలడం బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ పేరుతో స్థిరపడిన పద్ధతి. 1930ల్లో ఇంగ్లండ్‌లోని మైడెన్ కాజిల్ అనే ప్రాచీన కొండకోటలో ఆయన ఇలాగే తవ్వించారు. ఓపెన్ ఏరియా పద్ధతిలో అడ్డుగోడలుండవు. స్థలమంతా ఒకేసారి, పొర తర్వాత పొరగా తీస్తారు.

గడుల లాభం ఆ గోడల్లోనే ఉంది. పొరలు నిలువునా కళ్లెదుట ఉంటాయి. ఏ కుండపెంకు ఏ పొరదో అనుమానమొస్తే గోడ చూసి సరిచూసుకోవచ్చు. ఎన్నో కాలాల మట్టి పేరుకున్న లోతైన దిబ్బకు ఇదే నయం. చిక్కల్లా, కావలసిన ఆనవాలు ఒక్కోసారి ఆ గోడ కిందే ఉండిపోతుంది!

చెక్క ఇళ్ల జాడ వెతికేటప్పుడు మాత్రం నా ఓటు ఓపెన్ ఏరియాకే. గుంజలు నాటిన గుంటల వరుస మొత్తం కనిపిస్తేనే ఇంటి ఆకారం తెలుస్తుంది. అయితే గోడ సాక్ష్యం ఉండదు కాబట్టి రికార్డు పక్కాగా ఉండాలి: ప్రతి పొరకూ నంబరు, ప్లాను, ఫొటో, ఎత్తు కొలత. పొరల క్రమం చూపడానికి 1973లో పురావస్తు శాస్త్రవేత్త ఎడ్వర్డ్ హారిస్ రూపొందించిన మాట్రిక్స్ అనే పటం ఇక్కడ బాగా పనికొస్తుంది. నోట్స్ రాసే ఓపిక లేని బృందం ఓపెన్ ఏరియా జోలికి పోకపోవడమే మంచిది. మరీ టెన్షన్‌గా ఉంటే మధ్యలో ఒక తాత్కాలిక గోడ వదిలి, దాని బొమ్మ గీసుకున్నాక తీసేయొచ్చు.