బాలాజీ కాలనీలో స్పోకెన్ ఇంగ్లీష్ తరగతులు: ‘ఓకే’ పాఠం బాగుంది, పుస్తకం దిద్దుకోవాలి

తిరుపతి బాలాజీ కాలనీలోని ఒక స్పోకెన్ ఇంగ్లీష్ శిక్షణ కేంద్రంలో రెండు నెలలు సాయంకాలపు తరగతులకు వెళ్లాను. వ్యాకరణం అన్నిచోట్లా చెప్పేటట్టే చెప్పారు. కట్టిన ఫీజుకు నిజమైన ఫలితం దక్కింది మాత్రం అమెరికన్లు సమ్మతి తెలిపే మాటల మీద జరిగిన పాఠాల్లోనే.

మనం ‘అట్లే’, ‘సరే సామీ’ అనే చోటల్లా ‘ఓకే’ అంటాము. అమెరికా కంపెనీకి లెక్కలు చూసే నేను, అక్కడి పైఅధికారి నా పనిని ‘ఓకే’ అంటే మెచ్చుకున్నారనే ఇన్నాళ్లూ అనుకున్నాను. ఎలా ఉందని అడిగినప్పుడు వచ్చే ‘ఓకే’కు ఫరవాలేదని మాత్రమే అర్థమనీ, ఇంకాస్త కాఫీ పోయమంటారా అంటే ‘ఐయామ్ ఓకే’ అన్నవారు వద్దంటున్నారనీ, సంతోషంగా ఒప్పుకునేవారు ‘ష్యూర్’, ‘యూ బెట్’ అంటారనీ మాస్టారు మా చేత సంభాషణలు చేయించి నేర్పారు.

అయితే వారిచ్చిన జిరాక్స్ పుస్తకంలో, అమెరికా అంతర్యుద్ధంలో ఎవరూ చనిపోని రోజున రాసిన ‘జీరో కిల్డ్’ (0 K) నుంచి ‘ఓకే’ అనే మాట పుట్టిందని ఉంది. ఆ యుద్ధం మొదలైంది 1861లో, ‘ఓ.కే.’ 1839 మార్చి 23 నాటి ‘బోస్టన్ మార్నింగ్ పోస్ట్’ పత్రికలోనే అచ్చయింది. ‘ఆల్ కరెక్ట్’ను కావాలని ‘ఓల్ కొరెక్ట్’ (oll korrect) అని తప్పు స్పెల్లింగుతో మార్చి, మొదటి అక్షరాలను మాత్రం రాయడం అప్పటి పత్రికలవారికి ఒక సరదా. ‘ఆల్ రైట్’ను అలాగే ‘oll wright’గా మార్చి రాసిన ‘ఓ.డబ్ల్యు.’ వంటివి మరుగున పడినా, 1840 అధ్యక్ష ఎన్నికల్లో కిండర్‌హుక్ అనే ఊళ్లో పుట్టిన అప్పటి అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్‌ను ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అంటూ ఆయన మద్దతుదారులు ఓ.కే. క్లబ్బులు పెట్టడంతో ఇది దేశమంతటా పాకింది. కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యులు అలెన్ వాకర్ రీడ్ పాత పత్రికలు గాలించి 1960లలో దీనిని నిరూపించారు. అంత చక్కని చరిత్ర ఉండగా కట్టుకథను అచ్చువేసి పంచడం నాకు బాధ కలిగించింది.

చెప్పగానే మాస్టారు ఓపికగా విని, తన ప్రతిలో ఆ పేరా కొట్టేశారు. తర్వాతి బ్యాచ్‌కూ పాత జిరాక్సులే ఇచ్చారని తెలిసింది. చేరదలచినవారు సాయంకాలపు బ్యాచ్‌నే అడగండి. సంభాషణ సాధన అందులోనే ఎక్కువ.