బ్రౌజర్‌లో గ్రీన్ స్క్రీన్: ఐదేళ్ళు వాడాక

ఎఫ్3 నొక్కితే మెనూలోకి రావాలి. పద్దెనిమిదేళ్ళుగా నా వేళ్ళకు తెలిసిన సంగతి అది. మా ఆఫీసు లెక్కలుండే ఏఎస్/400 అనే కంప్యూటర్‌ను బ్రౌజర్‌లో తెరిచిన మొదటి రోజు ఎఫ్3 నొక్కితే, పేజీలో పదాలు వెతికే చిన్న పెట్టె ఒకటి పైన ప్రత్యక్షమైంది. సరే, ఒక తెర వెనక్కి పోదామని ఎఫ్12 నొక్కాను. వెబ్‌సైట్లు తయారుచేసేవాళ్ళు చూసుకునే కోడ్ అంతా కుడిపక్కన వచ్చి పడింది. కంగారులో ఎఫ్5 కూడా నొక్కేశాను. పేజీ మొత్తం మళ్ళీ లోడ్ అయింది. ముప్ఫై ఎనిమిది లైన్ల కొనుగోలు బిల్లు సగం దాకా కొట్టి ఉన్నాను, అది కాస్తా గాల్లో కలిసిపోయింది.

ఆ సాయంత్రం ఐటీ అతనికి ఫోన్ చేసి నేనన్న మాటలు ఇక్కడ రాయను. అదే మనిషిని నేను, ఇప్పుడు ఆఫీసు బయట ఉన్నప్పుడు పనంతా దాంట్లోనే చేస్తున్నాను. ఏఎస్/400ను బ్రౌజర్‌లో చూపించే ఈ సాఫ్ట్‌వేర్ ఏ కంపెనీదో పేరు చెప్పను. ఈ తరహావి చాలా ఉన్నాయి, కష్టసుఖాలు కూడా దాదాపు ఒకటే.

కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఏఎస్/400 అంటే ఐబీఎం 1988 జూన్‌లో ప్రకటించిన వ్యాపార కంప్యూటర్. తర్వాత ఐసిరీస్ అన్నారు, సిస్టమ్ ఐ అన్నారు, 2008 నుంచి ఐబీఎం ఐ అంటున్నారు. వాడేవాళ్ళ నోట్లో మాత్రం ఏఎస్ ఫోర్ హండ్రెడ్ అలాగే ఉండిపోయింది. నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు, 24 వరుసలు, వరుసకు 80 అక్షరాలు. మా స్టాకు, కొనుగోలు బిల్లులు, పార్టీల లెడ్జర్లు అన్నీ దాని మీదే. దాన్ని చూడడానికి ఒకప్పుడు 5250 అనే టెర్మినళ్ళు ఉండేవి. ఇప్పుడు వాటిలా నటించే ఎమ్యులేటర్ అనే ప్రోగ్రామ్‌ను పీసీలో వేసుకుంటాం. బ్రౌజర్ పద్ధతిలో అది కూడా అక్కర్లేదు. అడ్రస్ కొట్టడం, లాగిన్ అవడం, అంతే.

బ్రౌజర్ పద్ధతి మాకు ఇది మొదటిసారి కాదు. అంతకుముందు జావా ఆప్లెట్‌తో, అంటే బ్రౌజర్ లోపల ప్లగిన్ సాయంతో నడిచే చిన్న ప్రోగ్రామ్‌తో, పనిచేసేది ఒకటి ఉండేది. 2015లో క్రోమ్, 2017లో ఫైర్‌ఫాక్స్ అలాంటి ప్లగిన్‌లకు తలుపులు మూసేశాక దాని కథ ముగిసింది. కొన్నాళ్ళు ఒక పాత బ్రౌజర్‌ను అప్‌డేట్ కాకుండా కట్టేసి లాక్కొచ్చాం. ఎవరూ చేయకూడని పని అది. ఇప్పుడు వాడుతున్నదానికి జావా గొడవ లేదు, మామూలు వెబ్ పేజీలాగే తెరుచుకుంటుంది.

ముందు మంచి చెప్పుకోవాలంటే వేగం. ఇది నేను అస్సలు ఊహించలేదు. ఇంట్లో నెట్ నత్తనడక నడిచే రోజుల్లో కూడా, ఫోన్ హాట్‌స్పాట్ మీద కూడా, ఎంటర్ నొక్కితే తెర మారిపోతుంది. ఐటీ అతను కారణం చెప్పాక భలే అనిపించింది. 5250లో మనం కొట్టే ప్రతి అక్షరమూ పెద్ద కంప్యూటర్ దాకా వెళ్ళదు. ఎంటరో, ఎఫ్ కీనో, పేజ్ డౌనో నొక్కేదాకా అన్నీ మన దగ్గరే ఉంటాయి. నొక్కాక మనం నింపిన గడులన్నీ ఒక్క మూటగా వెళ్తాయి, జవాబుగా కొత్త తెర వస్తుంది. తెర నిండా అక్షరాలున్నా 1,920కి మించవు. ఇంతకుముందు రిమోట్ డెస్క్‌టాప్‌లో ఇదే పని చేసేవాళ్ళం. అందులో మనకొచ్చేది తెర బొమ్మ కాబట్టి నెట్ కాస్త తడబడితే చాలు, నేను కొట్టిన అక్షరం సెకను తర్వాత కనపడేది. ఆ పోలికలో ఇది స్వర్గం.

కానీ వేగంగా కొట్టేవాళ్ళకు ఇక్కడే ఒక చిక్కు. పాత ఎమ్యులేటర్‌లో తెర మారేలోపే తర్వాతి తెరకు కావాల్సినవి కొట్టేసేదాన్ని. మెనూలో 4, ఎంటర్, 2, ఎంటర్, పార్టీ కోడ్... తెర వైపు చూడకుండానే. అది వాటన్నిటినీ దాచిపెట్టుకుని వరసగా పంపేది. బ్రౌజర్‌లో మొదటి రెండేళ్ళు తెర మారుతున్న ఆ లిప్తపాటులో కొట్టినవి అప్పుడప్పుడు మాయమయ్యేవి. అప్పుడప్పుడు అన్నదే అసలు బాధ. ఎప్పుడూ మాయమైతే అలవాటు పడతాం కదా. తర్వాత వచ్చిన ఒక వెర్షన్‌లో ఇది చాలావరకు సర్దుకుంది, నేను మాత్రం ఇప్పటికీ పూర్తిగా నమ్మను.

ఇక కీబోర్డు. ఈ సమీక్షలో సగం దాని గురించే, ఎందుకంటే నా ఐదేళ్ళ గొడవలో సగానికి పైగా అదే.

మొదటి రోజు నాకు జరిగింది ఎందుకు జరిగిందో తెలుసుకోవడానికి నెల పట్టింది. సాఫ్ట్‌వేర్ ఎఫ్ కీలను పట్టుకుంటుంది, కాదనను. అయితే కర్సర్ ఆకుపచ్చ తెర లోపల ఉంటేనే పట్టుకుంటుంది. పైన ఉన్న టూల్‌బార్ మీద ఒక్కసారి క్లిక్ చేశామా, ఇక కీలన్నీ బ్రౌజర్ సొత్తు. కనుక తెర మీద ఎక్కడైనా ఒకసారి క్లిక్ చేసి, కర్సర్ మినుకుమినుకుమనడం చూసి, అప్పుడు కొట్టడం మొదలుపెట్టాలి. ఇంత చిన్న విషయం ట్రైనింగ్‌లో ఒక్కరూ చెప్పలేదు.

రెండోది ఎడమ కంట్రోల్ కీ. మా సెట్టింగ్‌లో అది రీసెట్. ఏదైనా తప్పు కొడితే తెర అడుగున ఎర్రర్ వచ్చి కీబోర్డు బిగుసుకుపోతుంది, రీసెట్ నొక్కితే విడుదలవుతుంది. రోజుకు వంద సార్లు నొక్కుతాం దాన్ని. మా గోడౌన్ కోడ్‌లన్నీ డబ్ల్యూతో మొదలవుతాయి. కంట్రోల్ మీద నుంచి వేలు పూర్తిగా లేవకముందే డబ్ల్యూ కొడితే ఏమవుతుందో బ్రౌజర్ వాడేవాళ్ళకు చెప్పక్కర్లేదు. ట్యాబ్ మూసుకుపోతుంది! వారానికి రెండు మూడు సార్లు జరిగేది. చివరికి దొరికిన మార్గం: బ్రౌజర్ మెనూలోకి వెళ్ళి ఆ పేజీని యాప్‌లా ఇన్‌స్టాల్ చేసుకోవడం. ట్యాబులు, అడ్రస్ బార్ లేకుండా విడి విండోలో తెరుచుకుంటుంది. అప్పటి నుంచి నా దగ్గర కంట్రోల్ డబ్ల్యూ తంటా లేదు.

మూడోది అన్నిటికంటే ప్రమాదం. ఫీల్డ్ ఎగ్జిట్ అని ఒక కీ ఉంటుంది, మామూలు కీబోర్డుల మీద దాని పేరు కనపడదు. గడిలో అంకె కొట్టాక అది నొక్కితే మిగతా అంకెలను తుడిచేసి, మనం కొట్టినదాన్ని కుడివైపుకు జరిపి తర్వాతి గడిలోకి వెళ్తుంది. ట్యాబ్ కూడా తర్వాతి గడిలోకి వెళ్తుంది, కానీ దేన్నీ తుడవదు. మా స్టాకు తెరలో పరిమాణం ఏడంకెల గడి, ముందు సున్నాలతో చూపిస్తుంది. అందులో ఒక రకం నట్లకు 0000120 ఉంది. దాన్ని 45 చేయాలి. 45 కొట్టి ఫీల్డ్ ఎగ్జిట్ నొక్కితే 45 అవుతుంది. 45 కొట్టి ట్యాబ్ నొక్కితే? 4500120. నలభై ఐదు లక్షల చిల్లర నట్లు! బ్రౌజర్‌లో ఫీల్డ్ ఎగ్జిట్ ఏ కీకి పెట్టారో తెలియక మా సెక్షన్‌లో కొత్తగా చేరిన అమ్మాయి వారం రోజులు ట్యాబ్ వాడింది. "అక్కా, ఇంత స్టాకు ఎక్కడ పెడతారు?" అని తనే అడగబట్టి బయటపడ్డాం.

దీనికి తోడు మైనస్. క్రెడిట్ నోట్‌లో మొత్తం రుణాంకంగా వెళ్ళాలి. గుర్తు ఉండే అంకెల గడిలో మైనస్ గీత కొడితే కుదరదు, అంకె కొట్టాక ఫీల్డ్ మైనస్ అనే కీ నొక్కాలి. పెద్ద కీబోర్డులో అది నంబర్ ప్యాడ్ మీది మైనస్‌కు పెట్టి ఉండేది. ల్యాప్‌టాప్‌లో నంబర్ ప్యాడే లేదు. నేను ఫీల్డ్ ఎగ్జిట్ నొక్కేసి వెళ్ళిపోయాను. తగ్గాల్సిన బాకీ పెరిగింది, పార్టీ నుంచి ఫోన్ వచ్చింది. ఆ రోజే విడిగా యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ కొనుక్కున్నాను. ఈ సెటప్ మొత్తంలో నేను పెట్టిన అతి ఉపయోగకరమైన ఖర్చు అదే.

కీబోర్డు తర్వాత నా తల తిన్నది సెషన్లు, అంటే లాగిన్ అయినప్పటి నుంచి బయటికొచ్చేదాకా నడిచే కనెక్షన్లు. ఒక రాత్రి పార్టీ అడ్రస్ మారుస్తుండగా నెట్ పోయింది. మళ్ళీ లాగిన్ అయి అదే రికార్డు తెరవబోతే తెర ఒక నిమిషం పాటు కదల్లేదు. తర్వాత, రికార్డు వేరే జాబ్ చేతిలో ఉందని మెసేజ్. ఒక్కో లాగిన్‌కు ఏఎస్/400 నడిపే పనిని జాబ్ అంటారు. ఏ జాబో కూడా చూపించింది: నంబరు, యూజర్ పేరు, టెర్మినల్ పేరు. ఆ యూజర్ పేరు నాదే. నాకు నేనే అడ్డం!

అర్థమయ్యాక చాలా సింపుల్. బ్రౌజర్ పద్ధతిలో దారి రెండు ముక్కలు. నా బ్రౌజర్ నుంచి మధ్యలో ఉన్న గేట్‌వే సర్వర్ దాకా ఒకటి, అక్కడి నుంచి ఏఎస్/400 దాకా రెండోది. తెగింది నా ముక్క. రెండోది చెక్కుచెదరలేదు కాబట్టి నేనింకా కూర్చునే ఉన్నానని ఏఎస్/400 అనుకుంటుంది, రికార్డు తాళం అలాగే పట్టుకుని ఉంటుంది. నేను మళ్ళీ లాగిన్ అయితే అది ఇంకో టెర్మినల్ పేరుతో ఇంకో కొత్త జాబ్ ఇస్తుంది. వాటికి పేర్లు కూడా అదే పెట్టుకుంటుంది, క్యూప్యాడెవ్ అని మొదలై చివర అంకెలతో. ఏది ఖాళీగా ఉంటే అది.

మందు ఏమిటంటే, సెషన్ సెట్టింగ్‌లలో మనకంటూ ఒక స్థిరమైన టెర్మినల్ పేరు పెట్టించుకోవడం. అప్పుడు లైన్ తెగితే, సిస్టమ్ సెట్టింగ్ అందుకు తగ్గట్టు ఉంటే, జాబ్ చచ్చిపోకుండా విడివడి పక్కన కూర్చుంటుంది. అదే పేరుతో, అదే యూజర్‌తో మళ్ళీ లాగిన్ అయితే వదిలేసిన జాబే చేతికొస్తుంది. మామూలుగా అలా 240 నిమిషాలు ఉంచుతుంది, ఎంతసేపన్నది మార్చుకోవచ్చు. గేట్‌వేలో కూడా బ్రౌజర్ కనపడకపోతే ఎన్ని నిమిషాలకు లైన్ వదిలేయాలో చెప్పాలి. మాది ఐదు నిమిషాలు. ఈ రెండూ సరిచేశాక రాత్రిపూట ఐటీ వాళ్ళకు ఫోన్లు చేయడం దాదాపు ఆగిపోయింది. మొదటి రోజే అడిగి ఉంటే ఏడాదిన్నర టెన్షన్ తప్పేది.

రంగులు అద్దిన తెర సంగతీ చెప్పాలి. ఈ సాఫ్ట్‌వేర్‌లో ఆకుపచ్చ తెరను మామూలు వెబ్ పేజీలా మార్చి చూపించే ఏర్పాటు ఉంది. ఎఫ్ కీలన్నీ బటన్లవుతాయి, జాబితాలు పట్టికలవుతాయి. మేనేజర్లకు చూపించినప్పుడు చప్పట్లు కొట్టారు. నేను మూడు వారాలు వాడి వదిలేశాను. వెనక ఉన్నది అదే 24 వరుసల తెర. ఎంత పెద్ద మానిటర్ పెట్టినా పది పన్నెండు లైన్లు చూపించి కింద "మోర్..." అంటుంది. పైగా ప్రతిదానికీ మౌస్ కోసం చెయ్యి చాపాలి. నెలకోసారి ఏదో లెడ్జర్ చూసి వెళ్ళేవాళ్ళకు మాత్రం అదే సుఖం, వాళ్ళకు ఎఫ్ కీలు గుర్తుండవు కదా.

కాపీ పేస్ట్ బాగుంది. కావాల్సిన నిలువు వరుసను మాత్రం గీసి ఎక్సెల్‌లో వేసుకోవచ్చు. ప్రింటింగ్ బాగోలేదు. రిపోర్టులను పీడీఎఫ్‌గా దింపుకోవడం వరకు పరవాలేదు, కానీ ఇంట్లో ప్రింటర్‌కు నేరుగా పంపే ఆశ నేను వదిలేసుకున్నాను. ఫోన్‌లో కూడా తెరుచుకుంటుంది. 80 అక్షరాల వరుసను ఫోన్‌లో చదవగలిగే కళ్ళు నాకు లేవు.

భద్రత మాటకొస్తే, ఎమ్యులేటర్ ఏఎస్/400తో మాట్లాడే పాత టెల్నెట్ పద్ధతిలో ఎన్‌క్రిప్షన్ పెట్టకపోతే పాస్‌వర్డ్ దాచకుండా, ఉన్నదున్నట్టు లైన్ మీద వెళ్తుంది. మా సిస్టమ్‌లో పాస్‌వర్డ్‌కు పదక్షరాలే హద్దు, పెద్దక్షరం చిన్నక్షరం తేడా కూడా లేదు. పాతకాలం సెట్టింగ్ అలాగే ఉండిపోయింది మరి. ఇప్పుడు ముందు గేట్‌వే దగ్గర ఫోన్‌కు వచ్చే కోడ్ కొట్టాలి, ఆ తర్వాతే ఆకుపచ్చ తెర. విసుగనిపించినా వద్దనను. ఒక్క విషయం మాత్రం మీ ఐటీ వాళ్ళను అడగండి: గేట్‌వే నుంచి లోపలి ముక్క కూడా ఎన్‌క్రిప్ట్ అయి ఉందా? మాది రెండేళ్ళు అయి లేదని తర్వాత తెలిసింది.

ఐదులో మూడున్నర ఇస్తాను. నెలాఖరు మూడు రోజులు మాత్రం నేను ఆఫీసుకే వెళ్తాను, పాత ఎమ్యులేటర్ ముందే కూర్చుంటాను. ఆ మూడు రోజుల్లో కొట్టే లైన్లకు, చూడకుండా కొట్టే వేళ్ళకు బ్రౌజర్ ఇంకా అందుకోలేదు. మిగతా రోజులన్నీ ఇంట్లో, విడి విండోలో, పక్కన నంబర్ ప్యాడ్‌తో. కీల సెట్టింగ్ ఫైల్‌ను మూడు చోట్ల దాచుకున్నాను. పోయినసారి వెర్షన్ మారినప్పుడు అందరివీ మొదటికొచ్చాయి, నాది రెండు నిమిషాల్లో మళ్ళీ ఎక్కింది. కొత్త అమ్మాయి కూడా ఆ ఫైలే అడిగి తీసుకుంది.