మిర్చి యార్డు బిల్లింగు ప్రోగ్రాం లైనక్స్‌లో: వైన్ ఎక్కడ నెగ్గుతుంది, ఎక్కడ మొరాయిస్తుంది

గుంటూరు మిర్చి యార్డు కమీషన్ కొట్లలో పదిహేను, ఇరవై ఏళ్ల కిందట రాయించుకున్న బిల్లింగు ప్రోగ్రాములు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. విజువల్ బేసిక్ 6 (వీబీ6)లో రాసిన ప్రోగ్రాం, వెనకాల డేటా దాచే యాక్సెస్ ఎండీబీ ఫైలు, కార్బన్ పెట్టి రైతు పట్టీ (లెక్క చీటీ) కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. ఆ కొట్లలోని పాత కంప్యూటరు డబ్బాలు విండోస్ 11కి పనికిరావు. అందుకే విండోస్ బదులు లైనక్స్ మింట్ వేసి, విండోస్ ప్రోగ్రాముల్ని లైనక్స్‌లో నడిపించే వైన్ అనే సాఫ్ట్‌వేరు మీద పాత ప్రోగ్రాం నడపడం గురించి ఈ రివ్యూ. ఒక్క కంప్యూటరున్న కొట్టుకి వైన్ బాగా సరిపోతుంది, ఖర్చూ లేదు. కాకపోతే నెక్స్ట్, నెక్స్ట్ నొక్కితే అయిపోయే వ్యవహారం కాదు.

మొదటి తప్పు ఇన్‌స్టాల్ దగ్గరే జరుగుతుంది. వీబీ6 ప్రోగ్రాం 32 బిట్‌ది. మింట్‌లో ఐ386 ఆర్కిటెక్చర్ కలిపి వైన్32 ప్యాకేజీ కూడా వేయాలి. తర్వాత ఆ ప్రోగ్రాం కోసమే విడిగా ఒక 32 బిట్ ప్రిఫిక్స్ (వైన్ విండోస్ డ్రైవులా వాడుకునే ఫోల్డరు) తయారు చేసి, విండోస్ భాగాల్ని అందులో ఎక్కించే వైన్‌ట్రిక్స్ నుంచి వీబీ6రన్, డేటాబేస్ కోసం ఎండీఏసీ28, జెట్40 ఈ వరుసలో వేయండి. ఎండీఏసీ 64 బిట్ ప్రిఫిక్స్‌లో ఎక్కదు. చాలామంది అక్కడే ఆగిపోయి 'వైన్ పనికిరాదు' అని తేల్చేస్తారు. 3706 ఎర్రర్ వస్తే డేటాబేస్ ప్రొవైడర్ లేదని అర్థం. 339 వస్తే ప్రోగ్రాం వాడే ఏదో ఓసీఎక్స్ ఫైలు (బటన్లు, పట్టికల్లాంటి విడి భాగం) నమోదు కాలేదు. అందులో పేరు కూడా చెబుతుంది కాబట్టి ఆ ఫైలుని పాత కంప్యూటరు సిస్టం32 ఫోల్డరు (64 బిట్ విండోస్ అయితే సిస్‌వావ్64) నుంచి తెచ్చి, రెగ్‌ఎస్‌వీఆర్32 కమాండుతో నమోదు చేస్తే సరి.

అసలు ప్రమాదం ఎర్రర్ చూపించని చోట ఉంది, అదే తేదీ. వైన్ తన తేదీ పద్ధతిని లైనక్స్ లొకేల్ (భాష, ప్రాంతం సెట్టింగు) నుంచి తీసుకుంటుంది. అది అమెరికా ఇంగ్లీషులో ఉంటే 05/03 అని కొట్టిన మార్చి 5 పట్టీ మే 3 కింద పడుతుంది. 13/03 కొడితే మాత్రం పదమూడో నెల లేదు కాబట్టి వీబీ తనంతట తనే తిప్పి, మార్చి 13గా సరిగ్గానే రాసుకుంటుంది. అంటే 13 నుంచి నెలాఖరు దాకా లెక్క బాగానే కనిపిస్తుంది. మొదటి పన్నెండు రోజుల్లోనే టిక్కీలు (మిర్చి బస్తాలు) ఒక నెలలో, డబ్బు ఇంకో నెలలో తేలతాయి. లొకేల్‌ని ఇండియా ఇంగ్లీషుకి మార్చి, మే తప్ప ఏ నెలలోనైనా 5వ తేదీతో ఒక ఉత్తుత్తి పట్టీ కొట్టి చూడకుండా అసలు డేటా ముట్టుకోవద్దు.

ప్రింటింగు రెండు రకాలు. ప్రోగ్రాం విండోస్ ప్రింటరు ద్వారా పంపితే వైన్ దాన్ని లైనక్స్ ప్రింటింగు చూసుకునే కప్స్‌కి అందిస్తుంది. పట్టీ వస్తుంది గానీ అక్షరాలు బొమ్మలా పడతాయి, డాట్ మ్యాట్రిక్స్ మీద నత్తనడకే. పాత ప్రోగ్రాముల్లో చాలావరకు నేరుగా ఎల్‌పీటీ1 అనే పాత ప్రింటరు పోర్టుకి రాస్తాయి. అప్పుడు వైన్ రిజిస్ట్రీలో హెచ్‌కీ లోకల్ మెషిన్, సాఫ్ట్‌వేర్, వైన్, పోర్ట్స్ కింద ఎల్‌పీటీ1 అనే స్ట్రింగు పెట్టి, దానికి యూఎస్‌బీ ప్రింటరు డివైజు ఎల్‌పీ0 దారి ఇవ్వాలి. యూజరుని ఎల్‌పీ గ్రూపులో చేర్చాలి. అదే ప్రింటరుని కప్స్‌లో కూడా చేర్చకండి. కప్స్ లాక్కుంటే ఎల్‌పీ0 కనబడకుండా పోవచ్చు.

ఎలక్ట్రానిక్ కాటా ఉన్నవాళ్లకి కూడా ఆ పోర్ట్స్ చోటే. కాటా తగిలించే కామ్1 పోర్టుకి లైనక్స్‌లోని యూఎస్‌బీ కేబులు డివైజు టీటీవైయూఎస్‌బీ0 దారి ఇచ్చి, యూజరుని డయల్‌అవుట్ గ్రూపులో వేసి, వైన్ పూర్తిగా ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. మింట్ 21కి ఆధారమైన ఉబుంటు 22.04లో సీహెచ్340 చిప్పున్న చవక కేబులు పెడితే పోర్టు ఒక క్షణం కనబడి మాయమవుతుంది. తప్పు కేబులుది కాదు, దాన్ని చూపు లేనివాళ్లు వేళ్లతో చదివే బ్రెయిలీ డిస్‌ప్లే అనుకుని బీఆర్‌ఎల్‌టీటీవై అనే ప్రోగ్రాం పట్టేసుకుంటుంది. బ్రెయిలీ డిస్‌ప్లే వాడనివాళ్లు ఆ ప్యాకేజీ తీసేయొచ్చు.

రైతు పేర్లు పాత నాన్ యూనికోడ్ తెలుగు ఫాంటులో ఉంటే ఆ ఫాంటు ఫైలుని ప్రిఫిక్స్‌లోని విండోస్ ఫాంట్స్ ఫోల్డరులో వేయండి. లేకపోతే తెరనిండా పిచ్చి గుర్తులే. కీలు మధ్యలో పట్టుకుని తెలుగు చేసే టైపింగు సాఫ్ట్‌వేరు వైన్‌లో ఎక్కించినా, లిబ్రే ఆఫీసు లాంటి లైనక్స్ ప్రోగ్రాముల్లో దాని ఆట సాగదు.

ఒకే ఎండీబీని రెండు, మూడు కంప్యూటర్ల నుంచి ఒకేసారి తెరిచే కొట్టుకి వైన్ మాట చెప్పను. ఫైలు లాకుల్లో తేడా వస్తే సీజను మధ్యలో డేటా పాడవుతుంది. యూఎస్‌బీ డాంగిల్ (లైసెన్సు తాళంలా గుచ్చే చిన్న పరికరం) అడిగే ప్రోగ్రాముకీ అంతే. డాంగిల్‌కి కెర్నల్ డ్రైవరు కావాలి, అది వైన్ చేతిలో లేదు. అలాంటప్పుడు లైనక్స్ లోపలే ఇంకో కంప్యూటరులా నడిచే వర్చువల్‌బాక్స్‌లో లైసెన్సున్న విండోస్ 7 వేసి, యూజరుని వీబాక్స్‌యూజర్స్ గ్రూపులో చేర్చి, డాంగిల్‌ని లోపలికి పంపాలి. 4 జీబీ ర్యాముతో ఇది ఈడ్చుకుంటూ నడుస్తుంది, 8 ఉంటే హాయి.

బ్యాకప్పు విషయం: ప్రిఫిక్స్ ఫోల్డరుని అలాగే పెన్‌డ్రైవులోకి లాగొద్దు. అందులో డ్రైవుల పేర్లతో సింబాలిక్ లింకులుంటాయి, ఫ్యాట్32 వాటిని ఒప్పుకోదు. వైన్ ఆపి, మొత్తం ఫోల్డరుని ఒకే టార్ ఫైలుగా కట్టి కాపీ చేయండి. ఎండీబీ ఒక్కదాన్నీ రోజూ సాయంత్రం కాటాలు అయ్యాక విడిగా తీసుకోండి.