హెచ్చరిక: ఆరు అంకెల ‘లాజిక్ లాక్’ పెట్టె కొనబోతున్నారా?

పెట్టె మూత మీద గుండ్రంగా ఆరు అంకెలు, ఒక్కో అంకె కింద ఒక బటన్, మధ్యలో కొత్త అంకెలు వేసే రీసెట్. బటన్లు నొక్కి ఆరు అంకెలనూ సున్నాకి తెస్తే మూత తెరుచుకుంటుంది. బ్యాటరీతో నడుస్తుంది. ‘పిల్లల మెదడుకు పదును, మొబైల్‌కి దూరం’ అంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. నేను 1,899 రూపాయలు పెట్టి తెప్పించాను. మీరు కొనకండి. ఇప్పటికే కొనేసి ఉంటే, ప్రకటనలో చెప్పినట్టు లోపల బహుమతి పెట్టి తాళం మాత్రం వెయ్యకండి. రీసెట్ నొక్కాక వచ్చే అమరికల్లో నూటికి తొంభైతొమ్మిది ఎవరు కూర్చున్నా తెరుచుకోవు. గణితం లెక్చరర్ కూర్చున్నా తెరుచుకోవు.

ఎందుకో వివరంగా చెబుతాను. ‘రానివాళ్లు రివ్యూలో ఏడుస్తున్నారు’ అని అమ్మేవాళ్లు తేల్చిపారేస్తారు కాబట్టి ఈ వివరం అవసరం.

ఆట నియమం చాలా చిన్నది. ఏ బటన్ నొక్కినా ఆ అంకెతో పాటు దాని ఎడమ పక్కది, కుడి పక్కది కూడా ఒక్కో అంకె ముందుకు జరుగుతాయి. తొమ్మిది తర్వాత మళ్లీ సున్నా. ఒకటి సరిచేస్తే పక్కవి చెడతాయి, అదే ఇందులో సరదా. మా మేనల్లుడు ఎనిమిదో తరగతి. రూబిక్స్ క్యూబ్ కళ్లు మూసి తెరిచేలోగా చేసేస్తాడు. వాడి పుట్టినరోజుకని మా అక్క ఇందులో వాచీ పెట్టి, తాళం వేసి ఇచ్చింది. తర్వాత వాడు భోజనం దగ్గర కూడా ఆ పెట్టె వదల్లేదు. ఐదు సున్నాలు వస్తాయి, ఆరోది రాదు. ఎన్ని సార్లు చేసినా అంతే. చివరికి ‘మామయ్యా, నాకు ఇంత తెలివి లేదేమో’ అన్నాడు. డబ్బు పోయినందుకు కాదు, ఆ మాటకే నేను కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాను.

అంకెలకు వరసగా 1 నుంచి 6 వరకు స్థానాలు అనుకోండి. ఎదురెదురుగా ఉన్నవాటిని జతలు చేయండి: 1తో 4, 2తో 5, 3తో 6. ఇప్పుడు ఏదో ఒక బటన్ నొక్కండి. పక్కపక్కన ఉన్న మూడు అంకెలు కదులుతాయి కదా, ఆ మూడూ మూడు వేర్వేరు జతల్లోవే అయి ఉంటాయి. 2 నొక్కితే 1, 2, 3 కదులుతాయి, జతకొకటి. 6 నొక్కితే 5, 6, 1 కదులుతాయి, మళ్లీ జతకొకటే. అంటే ఏ బటన్ నొక్కినా మూడు జతల మొత్తాలూ ఒకేసారి ఒక్కొక్కటి పెరుగుతాయి. మొత్తంలో చివరి అంకె ఒక్కటే చూడండి, ఎందుకంటే తొమ్మిది దాటితే సున్నాకే వస్తుంది. మూడు జతలూ కలిసి నడుస్తున్నప్పుడు వాటి మధ్య తేడా ఎప్పటికీ మారదు. వెయ్యి సార్లు నొక్కినా మారదు. గమ్యంలో ఆరూ సున్నాలే కాబట్టి అక్కడ తేడా లేదు. అందువల్ల మొదట్లో మూడు మొత్తాల చివరి అంకెలు సమానంగా ఉంటేనే తాళం వస్తుంది. లేకపోతే రాదు.

పెట్టె మొదట చూపించింది 3, 7, 1, 9, 5, 4 అనుకోండి. 3+9=12, చివరి అంకె 2. 7+5=12, మళ్లీ 2. 1+4=5. రెండుకీ ఐదుకీ మూడు తేడా ఉంది. ఈ పెట్టె ఈ జన్మలో తెరుచుకోదు. అదే 2, 5, 8, 4, 1, 8 వస్తే 6, 6, 16. చివరి అంకెలు మూడూ 6. ఇది తెరుచుకుంటుంది.

లెక్క నచ్చనివాళ్లు బటన్లతోనే తేల్చుకోవచ్చు. 1, 2 బటన్లు అసలు ముట్టుకోకండి. 3వ బటన్ నొక్కుతూ 2వ స్థానాన్ని సున్నా చేయండి. తర్వాత 4వ బటన్‌తో 3వ స్థానం, 5వ బటన్‌తో 4వ స్థానం, 6వ బటన్‌తో 5వ స్థానం సున్నా చేయండి. పైన చెప్పిన రెండో అమరికలో ఇవి వరసగా 5, 7, 4, 8 నొక్కులు, అంతటితో ఆరూ సున్నాలైపోతాయి. మొదటి అమరికలో 3, 6, 2, 7 నొక్కులయ్యాక ఆరో స్థానంలో 3 మిగిలిపోతుంది. ఇందాక చూసిన తేడా మూడు అదే. మా వాడికి ఆరోది ఎప్పటికీ రాకపోవడానికి కారణం ఇదే. మీ దగ్గరా 1, 6 స్థానాల్లో ఏ ఒక్కటి మిగిలినా ఇక ఆపేయండి, పిల్లల్ని కూడా ఆపండి.

ఆరు అంకెలకు మొత్తం 10,00,000 అమరికలు. అందులో సున్నాలకు చేరగలిగేవి 10,000 మాత్రమే. రీసెట్ నొక్కగానే ఏవో ఆరు అంకెలు గాలివాటుగా వేసేస్తున్నారు, లోపం అక్కడుంది. సరిగ్గా చేయాలంటే ఆరు సున్నాలతో మొదలుపెట్టి, పెట్టె తనంతట తనే కొన్ని బటన్లు నొక్కినట్టు అంకెలు మార్చాలి. అలా వచ్చిన ప్రతి అమరికకూ వెనక్కి దారి కచ్చితంగా ఉంటుంది. ప్రోగ్రామ్ రాసేవాడికి ఇది పది నిమిషాల పని.

ఇదేమీ కొత్త సంగతి కూడా కాదు. 1 నుంచి 15 వరకు అంకెలున్న పలకలను జరిపి వరసలో పెట్టే 15 పజిల్ 1880లో అమెరికాను ఊపేసింది. దాని అమరికల్లో సగం అసాధ్యమని 1879లోనే అమెరికన్ జర్నల్ ఆఫ్ మ్యాథమెటిక్స్‌లో జాన్సన్, స్టోరీ అనే గణితజ్ఞులు రుజువు చేశారు. 14, 15 మాత్రమే తారుమారుగా ఉన్న అమరికను సరిచేస్తే వెయ్యి డాలర్లిస్తానని పజిళ్లు తయారుచేసే సామ్ లాయిడ్ ప్రకటించాడు, ఆ డబ్బు ఎవరికీ ఇవ్వాల్సిన అవసరం రాలేదు. రూబిక్స్ క్యూబ్‌నైనా ముక్కలుగా ఊడదీసి ఇష్టం వచ్చినట్టు బిగిస్తే పన్నెండింట ఒక వంతే సరిచేయగలం. లాయిడ్ మాత్రం అది అసాధ్యమని తెలిసే పందెం కట్టాడు. మన అమ్మకందారుకి ఆ తెలివీ ఉన్నట్టు లేదు.

ఇక కస్టమర్ కేర్ సంగతి. ‘ఇది కష్టమైన పజిల్ సార్, ఓపిక పట్టండి’ అన్నారు. జతల లెక్క రాసి పంపితే ‘లైట్లు వెలుగుతున్నాయి కదా, డిఫెక్ట్ కిందికి రాదు’ అని జవాబు. తర్వాత ‘సొల్యూషన్ వీడియో’ అని ఒకటి పంపారు. అందులో పెట్టె నిజంగానే తెరుచుకుంటుంది, కానీ మొదటి అంకెలు వేరు. నేను ఆ అంకెలను జతలు కట్టి చూశాను, సమానంగా ఉన్నాయి! నూటికొక అమరిక వచ్చేదాకా రీసెట్ నొక్కి వీడియో తీసుంటారు. రిటర్న్ అడిగితే సీల్ తీసేశారు కాబట్టి కుదరదన్నారు. సీల్ తియ్యకుండా పజిల్ ఎలా చేస్తారో వాళ్లకే తెలియాలి.

ఐదు నక్షత్రాల రివ్యూలు చూసి మోసపోకండి. వాటిలో ఎక్కువ ‘సూపర్ టఫ్’, ‘మా బాబు ఇంకా ట్రై చేస్తున్నాడు’ లాంటివే. తెరిచామని రాసినవాళ్లు దాదాపు లేరు. పని చెయ్యని మిక్సీ అయితే మొదటి రోజే తిట్టేవాళ్లం. పజిల్ కాబట్టి రాకపోతే మన బుర్రనే తిట్టుకుంటాం, రిటర్న్ గడువు ఈలోగా దాటిపోతుంది.

ఇంకొకటి. 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. ఈ పెట్టె మీద ఎక్కడా అది లేదు. ఫోటోల్లో అందరూ పిల్లలే, వివరాల్లో చూస్తే చిన్న అక్షరాల్లో గృహాలంకరణ వస్తువు అని ఉంది.

లోపల వస్తువు ఇరుక్కుపోయినవాళ్లు సుత్తి పట్టుకోకండి. ముందు రీసెట్ నొక్కుతూ జతలు సరిచూసుకుంటూ పొండి. సగటున వందసార్లకు ఒకసారి తెరుచుకునే అమరిక వస్తుంది, అప్పుడు పైన చెప్పిన నాలుగు బటన్ల పద్ధతి వాడండి. అంత ఓపిక లేకపోతే అడుగున అతికించిన ఫెల్ట్ గుడ్డ మెల్లగా లేపండి, కింద నాలుగు స్క్రూలు ఉంటాయి. మా అక్క వాచీ అలాగే బయటికొచ్చింది. అయితే స్క్రూలు విప్పితే వారంటీ పోతుందని వాళ్లు అంటారు కాబట్టి, విప్పకముందే తెరుచుకోని అమరికను వీడియో తీసి పెట్టుకోండి.

ప్రకటనలో ‘ప్రతి అమరికకూ పరిష్కారం ఉంది’ అని రాసిన పేజీని ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఫిర్యాదుకి అదే బలం, ఎందుకంటే ఆ మాట అబద్ధమని కాగితం మీద చూపించవచ్చు. ముందు వెబ్‌సైటు గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. నేను రెండు చోట్లా పెట్టాను, సగం డబ్బు తిరిగిస్తామని మెసేజ్ వచ్చింది, ఒప్పుకోలేదు.

ఇలాంటి ఆటే కావాలనుకుంటే గుండ్రంగా నాలుగు గానీ ఐదు గానీ అంకెలున్నది చూడండి. 0 నుంచి 9 వరకు తిరిగే అంకెలతో, ఇదే నియమంతో అయితే ఆ రెండింటిలో ఏ అమరికైనా తెరుచుకుంటుంది. నాలుగు చక్రాలుండి, ఒక్కోదాని మీద పది బదులు ఆరు గుర్తులే ఉంటే మాత్రం మళ్లీ చిక్కు. ఆ గుర్తులకు వరసగా 0 నుంచి 5 వరకు అంకెలిచ్చి కూడితే, ఒక్కో నొక్కుకి మొత్తం మూడు చొప్పున పెరుగుతుంది, 5 దాటి సున్నాకి వచ్చినప్పుడు ఆరు తగ్గుతుంది కాబట్టి, మొదటి మొత్తం మూడుతో భాగించబడకపోతే అదీ రాదు. ఆరు అంకెల గుండ్రటి పెట్టె ఎవరు అమ్మినా, రీసెట్ ఎలా పని చేస్తుందో రాతపూర్వకంగా అడిగాకే డబ్బు కట్టండి.

నేను కొన్నది నల్ల రంగు. అదే పెట్టె ఈమధ్య టేకు రంగులో, వేరే పేరుతో, 300 ఎక్కువ ధరకు కనిపించింది. మధ్యలో రీసెట్, అడుగున ఆకుపచ్చ ఫెల్ట్ ఉంటే అదే సరుకు.