ఇటలీలోని టస్కనీలో ఒక రోజు కారు ప్రయాణం: ఫ్లోరెన్స్ నుంచి సియెనా దాకా

ఫ్లోరెన్స్ నుంచి సియెనాకు తిన్నగా వెళ్తే 75 కిలోమీటర్ల లోపే. సాన్ జిమిన్యానో, వోల్తెర్రా, మోంతెరిజోనీ చూసుకుంటూ చుట్టు తిరిగి వెళ్తే 150 దాకా అవుతుంది. ఆ మూడు ఊళ్లకీ ఒక పగలు సరిపోతుంది. సియెనాను కూడా అదే రోజులో ఇరికిస్తే ఏ ఊరూ చూసినట్టుండదు. రాత్రి బస అక్కడ పెట్టుకుని, ఊరిని మర్నాటికి ఉంచుకోవాలి.

కారును ఫ్లోరెన్స్ నడిబొడ్డున కాకుండా ఎయిర్‌పోర్టులోనే తీసుకోండి. టీ2 ట్రామ్ ఎక్కితే ఇరవై నిమిషాల్లో చేరతారు. ఊళ్లోని అద్దె ఆఫీసులు జెడ్‌టీఎల్ పక్కనే ఉంటాయి, ఒక్క సందు తప్పినా జరిమానా పడుతుంది. జెడ్‌టీఎల్ అంటే అనుమతి ఉన్న బళ్లు మాత్రమే తిరగాల్సిన పాతబస్తీ ప్రాంతం. తెల్ల బోర్డు మీద ఎర్రటి వలయం దాని గుర్తు. గేటు ఉండదు, పోలీసు ఉండడు, కెమెరా నంబర్ ప్లేటు చదువుతుంది. నోటీసు నెలల తర్వాత ఇంటికొస్తుంది. మీ వివరాలు పోలీసులకిచ్చినందుకు అద్దె కంపెనీ తన రుసుము వేరుగా కోసుకుంటుంది. ‘వార్కో అత్తీవో’ అని బోర్డు వెలుగుతుంటే దారి తెరిచి ఉందని చాలామంది పొరబడతారు. ఆంక్ష అమల్లో ఉందని దాని అర్థం.

దీనికి విరుగుడు ఒకటే. ఫోన్ మ్యాపులో ఊరి పేరు కొట్టకండి, పార్కింగ్ పేరు కొట్టండి. ఊరి పేరు కొడితే కోట గోడ లోపలికి తీసుకుపోతుంది.

మన లైసెన్సుతో పాటు ఇక్కడి రవాణా శాఖ ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తప్పనిసరి. డిపాజిట్ కోసం నడిపే మనిషి పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలి, చాలాచోట్ల డెబిట్ కార్డు ఒప్పుకోరు. ఆటోమేటిక్ కావాలంటే ముందే బుక్ చేసుకోండి. మాన్యువల్ అయితే గేరు కుడిచేతికి వస్తుంది. అక్కడ రోడ్డుకి కుడివైపు నడపాలి కాబట్టి అసలు తడబాటు వచ్చేది ఎడమవైపు మలుపుల్లో, ఖాళీ రోడ్డెక్కేటప్పుడు: అలవాటు కొద్దీ ఎడమ పక్కకి పోతాం. పక్కనున్నవాళ్లు ప్రతిసారీ ‘కుడి’ అని గుర్తుచేస్తే మేలు.

ఎనిమిదికల్లా బయల్దేరితే సియెనా రోడ్డులో పోజ్జిబోన్సీ నోర్ద్ ఎగ్జిట్ దగ్గర దిగి, తొమ్మిదింటికి సాన్ జిమిన్యానో చేరతారు. ఫ్లోరెన్స్-సియెనా రోడ్డుకి టోల్ లేదు. కానీ పాత రోడ్డు, పక్కనుంచి వచ్చి కలిసే దారులు మరీ పొట్టివి. పీ1 జుబిలేయోలో బండి ఆపండి, అది కొండ కింద ఉంటుంది, మిగతావాటి కంటే చవక. ఒకప్పుడు 72 బురుజులున్న ఈ ఊళ్లో ఇప్పుడు మిగిలినవి 14. 54 మీటర్ల తొర్రె గ్రోస్సా ఎక్కితే చుట్టూ లోయంతా కనిపిస్తుంది. టూరిస్టు బస్సులు దిగేలోపు, రెండు గంటల్లో బయటపడండి. తర్వాత అంతా జనం, ఒకేరకం దుకాణాలు.

టైము మిగిల్చుకోవలసింది వోల్తెర్రాకి. దూరం 30 కిలోమీటర్లే కానీ మలుపుల వల్ల ముప్పావు గంట పడుతుంది, కడుపులో తిప్పేవాళ్లని ముందు సీట్లో కూర్చోబెట్టండి. పోర్తా అల్లార్కో అనే, రోమన్లకి ముందు ఇక్కడ ఉన్న ఎత్రుస్కన్ల నాటి ద్వారాన్ని 1944లో జర్మన్ సైన్యం పేల్చేయబోతే, ఊరివాళ్లు వీధిలోని రాళ్లు పెకలించి ద్వారాన్ని పూడ్చి కాపాడుకున్నారు. గ్వార్నాచ్చీ మ్యూజియంలో చితాభస్మం దాచిన పేటికలు వందల్లో ఉన్నాయి. ‘సాయంకాలపు నీడ’ అని పిలిచే సన్నని, పొడవాటి కంచు బొమ్మ కోసమైనా వెళ్లాలి.

ఇక్కడ అలబాస్టర్ పనితనం ప్రసిద్ధి. ఈ రాయి జిప్సమ్ జాతి, గోరు గీతకే గాటు పడేంత మెత్తన. అసలైనదైతే, దీపానికి అడ్డం పెడితే వెలుగు లోపలికి ఊరినట్టు కనిపించాలి, తాకితే చల్లగా ఉండాలి. దేవుడి గది కోసం కొంటే మాత్రం నీళ్లూ నూనే తగలనివ్వకండి, మెరుపు పోతుంది, మరక దిగుతుంది.

భోజనం ఒంటిగంటకల్లా అడగాలి. రెండున్నరకి వంటిల్లు మూస్తే మళ్లీ రాత్రి ఏడు దాటాకే. శాకాహారులకి వెల్లుల్లి-టమాటా సాస్‌తో వచ్చే లావుపాటి పాస్తా పీచీ అల్లాల్యోనే నమ్మకమైనది. రిబొల్లీతా కూరగాయల సూపే అయినా, మాంసం రసం పోశారేమో అడగండి. పెకొరీనో చీజ్‌లో సాధారణంగా జంతు రెన్నెట్, అంటే పాలు విరగ్గొట్టడానికి పశువు కడుపు నుంచి తీసే పదార్థం ఉంటుంది. కారం కావాలంటే ‘పెపెరొంచీనో’ అనండి. బిల్లులో ‘కొపెర్తో’ మోసం కాదు, మనిషికింతని కూర్చున్నందుకు వేసేది.

పెట్రోల్ బంకులో ‘గసోలియో’ అంటే డీజిల్. గ్యాసొలీన్ అనుకుని పెట్రోల్ బండిలో పోస్తే ఇంజను పాడవుతుంది, ఆ నష్టం ఇన్సూరెన్సులో రాదు. పెట్రోలుకి ‘బెంజీనా’ చూడండి.

మోంతెరిజోనీకి ముప్పావు గంట చాలు. సియెనావాళ్లు 1213లో మొదలుపెట్టిన కోట, గోడ చుట్టుకొలత 570 మీటర్లు, 14 బురుజులు. సాయంకాలపు ఎండలో చూడాలి.

బస విషయంలో, కారుంటే సియెనా గోడ బయటి అగ్రితూరిజ్మో, అంటే పొలం మధ్య విడిది, మంచిది. బండి వాకిట్లోనే ఉంటుంది. అయితే చివరి కిలోమీటరు మట్టిరోడ్డు కావచ్చు, చీకటి పడకముందే చేరండి. గోడ లోపలి హోటళ్లలో చాలావాటికి లిఫ్ట్ ఉండదు, సామాను దింపడానికి వెళ్లాలన్నా నంబర్ ప్లేటు ముందే హోటలుకి పంపాలి. మర్నాడు సాంతా కాతెరీనా పార్కింగ్‌లో ఆపితే ఎస్కలేటర్లు పైదాకా తీసుకెళ్తాయి. బుధవారం ఫోర్తెజ్జా అనే పాత కోట వైపు పోకండి, అక్కడ సంత. జూలై 2, ఆగస్టు 16 పాలియో గుర్రప్పందేల రోజులు, ఆ చుట్టుపక్కల తేదీల్లో గది దొరకదు, దొరికినా ధర రెట్టింపు.